కడిగిన సీసా

తెనాలిలో నాకు నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకులు అమ్మే హోల్‌సేల్ కొట్టుంది. పొద్దున షట్టరు ఎత్తగానే చేసే మొదటి పని తేదీలు చూసుకోవడం. పాత సరుకు ముందుకి, కొత్త సరుకు వెనక్కి. ఈ పిచ్చి కొట్లోనే ఆగితే బాగుండేది. ఎవరింటికి వెళ్ళినా బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తాను. పరువు తీస్తున్నావని మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"నీళ్ళు కూడా పాడవుతాయా అండి?" అని కొనేవాళ్ళు తరచూ అడుగుతారు. మొదట్లో నాకూ తెలియదు. కంపెనీ నుంచి వచ్చే సేల్స్‌మన్‌ని అడిగితే నవ్వాడు. "తేదీ నీళ్ళకి కాదండి, సీసాకి" అన్నాడు. నిజమే, నీళ్ళలో కుళ్ళడానికి ఏముంది? ప్లాస్టిక్కే నీరసపడుతుంది. ఎండలో ఉంచితే దాని రుచి నీళ్ళలోకి దిగుతుంది. పక్కన ఫినాయిల్ డబ్బా ఉంటే ఆ వాసనా లోపలికి చేరుతుంది. ఎక్కడైనా తేడా వస్తే అది ఏ రోజు నింపిన సరుకో పట్టుకోవడానికి కూడా ఆ అంకెలు పనికొస్తాయి. ఇదంతా అడిగినవాళ్ళకి గడగడా అప్పజెప్పేవాణ్ణి. చెప్పడమే గానీ నాకు ఒంటబట్టలేదని పోయిన వేసవిలో తెలిసింది.

మా అమ్మీ రేపల్లెలో ఉంటుంది. వీధిలో ఆడపిల్లలకి ఖురాన్ చదవడం నేర్పుతుంది. తెనాలి వచ్చి మాతో ఉండమంటే, "నా పిల్లల చదువు ఎవరు చెప్తారు?" అంటుంది. ఆ వేసవిలో గుండె నొప్పి వస్తే బాపట్ల ఆసుపత్రిలో చేర్పించాం. మూడో రోజు, ఆవిడ బట్టలు తేవడానికి నేను రేపల్లె వెళ్ళాను. బీరువా తెరిస్తే చీరల వెనక ఒక లీటరు నీళ్ళ సీసా కనిపించింది. లేబుల్ వెలిసిపోయింది. తేదీ దాటి నాలుగేళ్ళయింది. ఇక నా చెయ్యి ఊరుకుంటుందా? ఏదీ పారెయ్యదు కదా ఈవిడ, అని విసుక్కుంటూ నీళ్ళు తూములో పారబోసి, సీసా చెత్తబుట్టలో పడేశాను. ఏదో మంచిపని చేసినట్టు తృప్తిగా కూడా అనిపించింది.

మధ్యాహ్నానికి బాపట్ల చేరాను. అమ్మీ నా చెయ్యి పట్టుకుంది.

"బేటా, బీరువాలో చీరల వెనక ఒక నీళ్ళ సీసా ఉంటది. జంజం నీళ్ళు. మీ మామూ హజ్ నుంచి తెచ్చిచ్చినవి. డబ్బా కారతందని ఆ సీసాలో పోసుకున్నా. నాకేమన్నా అయితే రెండు చుక్కలు నోట్లో పొయ్యి."

మక్కా నుంచి వచ్చే ఆ నీళ్ళని మా ఇళ్ళలో చివరి గుక్క కోసం దాచుకుంటారు. తెచ్చిన మేనమామ కూడా ఇప్పుడు లేడు. "సరే అమ్మీ" అన్నాను.

మర్నాడే మళ్ళీ రేపల్లె పరిగెత్తాను. చెత్తబుట్టలోంచి సీసా తీసి, సబ్బు పెట్టి మూడుసార్లు కడిగాను. కొట్లోంచి తెచ్చిన సీసా విప్పి, ఆ నీళ్ళు ఇందులోకి ఒంపాను. అవి ఆ వారమే నింపిన నీళ్ళు, తేదీకి వంక పెట్టడానికి లేదు. సీసాని ఎప్పటిలా చీరల వెనక పెట్టేశాను.

అమ్మీ కోలుకుని ఇంటికి వచ్చింది. నాకు మాత్రం అప్పట్నుంచి కంటికి కునుకు లేదు. వారానికోసారి ఏదో వంక పెట్టుకుని రేపల్లె రైలెక్కేవాణ్ణి. వేమూరు దాటేలోపు చెప్పేద్దామని గట్టిగా అనుకునేవాణ్ణి. తీరా వెళ్ళాక ఆవిడ పెట్టిన టీ తాగి, మందులు వేసుకుంటున్నావా అని అడిగి వచ్చేసేవాణ్ణి. సిగ్గు, భయం, రెండూ ఉన్నాయి. ఏది ఎక్కువో చెప్పలేను.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక అమ్మీ దగ్గర కూర్చుని ఉన్నాను. పక్కింటి ఆటో డ్రైవర్ గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఖాలా, మా అమ్మకి ఊపిరి అందట్లేదు. ఇంక లాభం లేదన్నారు. మీ దగ్గర జంజం నీళ్ళేమన్నా ఉన్నయ్యా?"

అమ్మీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గోడ పట్టుకుని లేచింది, బీరువా తీసింది, తన కోసం దాచుకున్న సీసా అతని చేతిలో పెట్టబోయింది. నేను మధ్యలోకి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. "అవి జంజం కావమ్మీ" అన్నాను. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

అమ్మీ అరవలేదు. నా ముఖంలోకి చూసి ఒకటే అడిగింది.

"సీసా కడిగావా?"

ఆ మాట ఎందుకు అడిగిందో నాకు వెంటనే అర్థమైంది. జంజం తగ్గిపోతుంటే మా వాళ్ళు అందులో మామూలు నీళ్ళు కలుపుకుంటారు. అడుగున కాస్త తడి మిగిలి ఉన్నా పైన పోసిన నీళ్ళకి ఆ బరకత్, ఆ మహిమ వస్తుందని నమ్మకం. కడగలేదు అంటే చాలు, ఆ గదిలో ముగ్గురికీ మనసు కుదుటపడేది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"కడిగాను. సబ్బు పెట్టి, మూడుసార్లు."

అమ్మీ తల ఊపింది. అతని వైపు తిరిగి, "ఇయ్యి మామూలు నీళ్ళే నాయనా. బిస్మిల్లా అని పొయ్యి. గొంతు తడుస్తది" అంది. అతను సీసా తీసుకుని వెళ్ళాడు. పొద్దు గుంకేలోపే ఆ పెద్దావిడ పోయింది.

జనాజా నమాజు, ఖననం అయ్యాక వచ్చి అమ్మీ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తిట్టమ్మీ" అన్నాను.

"తిడితే వస్తయ్యా ఆ నీళ్ళు? ఎవరన్నా పోతుంటే చెప్పి తెప్పించు. అయ్యి వచ్చేదాకా నేను యాడికీ పోనులే" అని నవ్వింది.

కనిపించినవాళ్ళందరినీ అడిగాను. చివరికి మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్ళొచ్చిన కొలకలూరు ఆయన ఒకరు సీలు విప్పని డబ్బా తెచ్చి ఇచ్చాడు. అది కొట్లో నా బల్ల కింద ఉంది. ఎండ తగలదు, దగ్గర్లో ఏ వాసనా లేదు. తెచ్చి పదకొండు రోజులైంది. రేపల్లె ఇక్కడికి దూరమేం కాదు. రోజూ డబ్బా బయటికి తీస్తాను, మళ్ళీ లోపలికి తోస్తాను. ఇవ్వకముందే ఏమైనా అయితే అని ఒక భయం. ఇచ్చేస్తే ఏమవుతుందో అని ఇంకో భయం.

అమ్మీ సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఈమధ్య మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపిరి కోసం ఆగుతోంది.

"దొరికినయ్యా బేటా?"

"ఇంకా లేదమ్మీ."

"పోన్లే" అంటుంది. "నేను ఆగుతాగా."