మిగిలిపోయిన రెండు పోట్లు

ఈ ఉదయం నేనొక తప్పు చేశాను. శనివారం రామభజనకి చలిమిడి చేయాలని మా కోడలు నానిన బియ్యాన్ని పెరట్లో రోట్లో పోసి దంచుతూ ఉంటే, రాత్రి నిద్ర పట్టని చికాకులో, వీధి వీధంతా వినేటట్టు ఆ మోత ఆపమని కసిరాను. ఆమె ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఆగిపోయింది. ఆమె దాన్ని గోడకి ఆనించి, సగం నలిగిన బియ్యం మీద గుడ్డ కప్పి లోపలికి వెళ్లిపోయింది. మా కాత్ర్ బోర్న్ ఊళ్లో పిండి పొట్లం దొరకని దుకాణం లేదు. కొన్న పిండితో చలిమిడికి రుచి రాదని ఎప్పుడో నేనన్న మాట పట్టుకునే ఆమె ఈ శ్రమ పడుతోందని నాకు కాసేపటికి గాని గుర్తు రాలేదు.

గాలిలో అలా ఆగిపోయిన రోకలిని నా బతుకులో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆపినవాణ్ణి నేనే.

మొదటిది ఈ ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల మాట. ప్లేగు భయం మా దీవిని ఇంకా వదలని రోజులవి. ఓడ దిగినవాళ్లని ఊళ్లోకి రానిచ్చే ముందు కొన్నాళ్లు ఉంచే క్వారంటైన్ కొట్టాలు ఉత్తరపు ఒడ్డున, సరుగుడు చెట్ల కింద ఉండేవి. అక్కడ నేను గుమాస్తాని. ఇరవై రెండేళ్లు, మెడకి కాలరు, నోటినిండా ఫ్రెంచి. మా అమ్మ అక్కడే, తీగల కంచెకి ఇవతల ఉన్న వంటసాలలో పనిచేసేది. నలుగురి ముందూ ఆవిడని అమ్మా అని పిలవకుండా పని గడుపుకొనేవాణ్ణి. ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి వెనకాడుతోంది, కాని ఇది చెప్పకపోతే మిగతాది బోధపడదు.

నాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు పెంటయ్య. నాకు ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండా పోయారట. అందుకని నేను పుట్టగానే అమ్మ నన్ను చేటలో వేసి, పెంటకుప్ప మీద పెట్టించి, పక్కింటావిడ చేత ఎత్తించుకుని, మృత్యువు కంట పడకుండా ఆ పేరు పెట్టింది. చెరకుతోట కూలీల కొట్టాల్లో ఆ పేరుతో ఎవరికీ పేచీ లేకపోయింది. బడిలో ఎవడో దాని అర్థం ఫ్రెంచిలోకి మార్చి చెప్పాడు. ఆ తర్వాత నా రోజులెలా గడిచాయో చెప్పనక్కర్లేదు. బడి వదిలేలోగా పేరైతే మార్చుకున్నాను గాని, చేట కనిపిస్తే ముఖం తిప్పుకునే అలవాటు పోలేదు.

ఒకసారి పోర్ట్ సయీద్ మీదుగా వచ్చిన ఓడలోంచి ఈజిప్టు దేశపు జంట దిగింది. అతను నైలు నది ఎగువన చక్కెర మిల్లులో పాకం పట్టేవాడు, ఇక్కడి ఎస్టేటువాళ్లు పిలిపించుకున్నారు. ఆమె నిండు చూలాలు. దిగిన మర్నాడే కొట్టంలో మగపిల్లాణ్ణి కంది. ఈజిప్టంటే నాకు తెలిసింది బడి పుస్తకంలోని పిరమిడ్ బొమ్మా, పీలికలు చుట్టిన రాజులూ. ఆ రాజులతోపాటే ఆ జనమూ ఎప్పుడో అంతరించిపోయారని అనుకుంటూ ఉండేవాణ్ణి కాబోలు, అతను మిల్లులో నేర్చిన ఫ్రెంచిలో నన్ను పలకరిస్తే నమ్మబుద్ధి కాలేదు.

అతను కబుర్ల మనిషి. కంచె దగ్గర కూర్చుని, ప్రతి వేసవీ నది పొంగి పొలాల మీదికి రావడం గురించీ, నీరు తీసిన నల్లమట్టిలో విత్తనం చల్లడం గురించీ చెప్పేవాడు. పాత సమాధుల గోడల మీద కోతలు కోసేవాళ్లనీ ధాన్యం జల్లించేవాళ్లనీ చెక్కి ఉంటారనీ, వాళ్ల చేతుల్లో ఉన్న పనిముట్లే తన నాయనమ్మ చేతిలోనూ ఉండేవనీ అనేవాడు. ఒకనాడు నీళ్లు తోడే తీరు చెప్పబోయి, మాట దొరక్క ఇసుకలో పుల్లతో గీశాడు. నిలువు గుంజ, దాని మీద అడ్డంగా పొడుగు వాసం, ఒక కొసన బరువుకి మట్టిముద్ద, రెండో కొసన బొక్కెన. ఇవతల బియ్యం ఏరుతున్న అమ్మ తొంగిచూసి, "ఓలమ్మా, ఇది ఏతాం గదేటి! మా అయ్య తోడేవోడు," అని నవ్వింది. ఆనాటి నుంచి వాళ్లిద్దరూ ఆవిడకి సొంత ఊరివాళ్లైపోయారు.

పిల్లాడికి ఏడో రోజు దగ్గరపడుతోందని అతను నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల వైపు మసీదుకి పోయేవాళ్లయినా చర్చికి పోయేవాళ్లయినా ఏడో రోజు చేయని ఇల్లుండదట. బిడ్డని జల్లెడలో పడుకోబెట్టి మెల్లగా ఊపుతారు. ఏడు రకాల గింజలూ, ఉప్పూ చల్లుతారు. కొవ్వొత్తులు వెలిగించి ఒక్కోదానికి ఒక్కో పేరు అనుకుని, ఆఖరిదాకా వెలిగినదాని పేరు బిడ్డకి పెడతారు. పెద్దావిడ ఒకతె బిడ్డ చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తూ, అమ్మ మాట విను, నాన్న మాట వినకు అని బుద్ధులు చెబుతూ ఉంటే, తల్లి ఆ జల్లెడ మీదుగా ఏడుసార్లు దాటుతుంది. నాన్న మాట వినకు అనే చోట అతనే నవ్వాడు. తర్వాత, ఇంతకు ముందు ఇద్దరు పిల్లలు పుట్టారనీ, ఆ ఇద్దరికీ ఏడో రోజు రాలేదనీ చెప్పి, ఒక జల్లెడా ఒక రోలూ ఇప్పించమని అడిగాడు.

గడ్డికప్పు కింద కొవ్వొత్తులు వద్దన్నాను, అది సబబే. జల్లెడా రోలూ కూడా కుదరవన్నాను. లోపలికి వెళ్లిన వస్తువు బయటికి రాకూడదన్నది నిబంధన. రాకపోతే వాటిని లోపలే ఉండనివ్వవచ్చు. ఆ ముక్క నాకు తోచలేదని చెప్పను, తోచింది.

అతను వెళ్లాక అమ్మ, "ఏటంటన్నాడు?" అని అడిగింది. వెటకారంగా అంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"నిన్ను చేటలో ఎయ్యలేదేటి? బతికినావు గదా. ఆళ్లు అడిగిందీ అదేరా నాయినా."

"ఇక్కడ ఆ మాటెత్తకు," అన్నాను.

"ఎత్తన్లే, దొరగారూ," అని బియ్యం వైపు తిరిగింది.

ఏడో రోజు పొద్దున్న డాక్టరుగారి గదిలో జాబితా రాస్తుండగా రోకటి పోటు వినిపించింది. రోట్లో గింజ ఉంటే చప్పుడు మెత్తగా, మూసుకున్నట్టు ఉంటుంది. ఇది రాతి మీద రోకలి కొసనున్న ఇనుప పొన్ను ఖంగున మోగుతున్న చప్పుడు. ఖాళీ రోలు. బయటికి వచ్చి చూస్తే అమ్మ రోలుని కంచె దాకా దొర్లించుకుపోయి, నిలబడి, తీరిగ్గా ఒక్కొక్క పోటే వేస్తోంది. ఆవిడ చేట కంచె కిందనుంచి అవతలికి వెళ్లి కొట్టం గుమ్మంలో ఉంది, అందులో పిల్లాడున్నాడు. పోటు పోటుకీ ఆ తల్లి చేట మీదుగా దాటుతోంది. మూడు, నాలుగు, ఐదు. డాక్టరుగారు నా వెనకే వచ్చి అదేమిటని అడిగారు. ఆ చేటా, నా పేరూ, ఆవిడ కొడుకు నేనన్న సంగతీ అన్నీ ఆ క్షణంలో ఆయన ముందు పడ్డట్టనిపించి, పరుగున వెళ్లి, ఎత్తిన రోకలిని పట్టుకుని ఆపేశాను.

"ఇంకా రెండేరా," అంది అమ్మ.

నేను వదల్లేదు. అవతల ఆ తల్లి ఒక కాలు ఎత్తి అలాగే నిలబడింది, చప్పుడు కోసం. రాలేదు. కాలు వెనక్కి పెట్టుకుని, వంగి బిడ్డని ఎత్తుకుంది. డాక్టరుగారు మెల్లగా నడిచి వచ్చి, మధ్యాహ్నం ఏమైనా పిండివంటలా అని మాత్రమే అడిగారు.

వాళ్లు లెస్కాలియే వైపు ఎస్టేటుకి వెళ్లారని తెలుసు. కొన్నేళ్లకి అటు పని పడినప్పుడు విచారిస్తే, రెండో పంట కాగానే తిరిగి ఓడెక్కేశారనీ, పిల్లాడు అప్పటికి చెరకు బళ్ల చుట్టూ పరుగెత్తుతూ అందరినీ విసిగించేవాడనీ ఒకావిడ చెప్పింది. బతికాడన్న నిశ్చింతలో వాడి పేరేమిటని అడగడం మరిచాను. నా రిజిస్టరులో వాడు ఉత్త మగశిశువు. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ రోట్లోనే దంచింది, ఆ పొద్దు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఆవిడ ఎత్తితే క్షమించమని అడుగుదామని నేను ఎదురుచూశాను. అది తప్పించుకునే పద్ధతి అని ఆవిడ పోయాక తెలిసింది.

ఇప్పుడు ఆ కొట్టాలు లేవు, ఆ ఒడ్డుకి జనం స్నానాలకి పోతారు. మా మనవల పుస్తకాల్లో ఈజిప్టంటే ఇప్పటికీ ఆ పిరమిడ్డే. జల్లెడలో పడుకున్న పిల్లాడు వాటిలో లేడు. నిండు రోలు చప్పుడేదో, ఖాళీ రోలు చప్పుడేదో విని చెప్పగలిగే చెవులు మా వీధిలో నావే ఆఖరివి కావచ్చు. ఆ చెవులతోనే ఈ ఉదయం కసిరాను.

ఇందాక పెరట్లోకి వెళ్లి, గుడ్డ తీసి, రోకలి అందుకున్నాను. చప్పుడు విని కోడలు గుమ్మంలోకి వచ్చింది. తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె జల్లెడ తెచ్చుకుని కూర్చుంది. నేను దంచుతూ, ఆమె జల్లిస్తూ మిగతా బియ్యం ముగించాం. పిండంతా తీశాక రోలు తుడిచి, మళ్లీ రోకలి ఎత్తి ఒక పోటు వేశాను. ఖంగుమంది.

"కీ అరివే, మామయ్యా?" అంది ఆమె కంగారుగా, ఏమైందని మా క్రియోల్‌లో మొదలుపెట్టి. "రోట్లో ఏం లేదు గదా!"

"ఇంకొక్కటేనమ్మా," అని రెండోది వేశాను.