మొసలి బోర్డు దగ్గర ఫోటో

పోర్ట్ బ్లెయిర్ చూడ్డానికి వచ్చేవాళ్ళకు జైలూ మ్యూజియమూ మొక్కుబడికే. మనసంతా కార్బిన్స్ కోవ్ బీచిలో 'మొసళ్ళున్నాయి, వల దాటి వెళ్ళవద్దు' అన్న బోర్డు మీదే ఉంటుంది. దాన్ని చదవరు, పక్కన నిలబడి పళ్ళికిలిస్తారు. అక్కడ లైఫ్‌గార్డుగా పనిచేసే డాలీగంజ్ పేట యేసురాజుకు ఆ పళ్ళు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. తన రెండేళ్ళ కూతుర్ని అతను బకెట్ నీళ్ళ దగ్గరకు కూడా ఒంటరిగా పోనివ్వడు.

ఆ సాయంత్రం రాజమండ్రి నుంచి వచ్చిన ఒకాయన తన పిల్లాణ్ణి, మొసళ్ళు రాకుండా నీళ్ళలో కట్టిన వల అవతల రాయి మీద నిలబెట్టి, ఫోన్‌లో వీడియో తీస్తూ వెనక్కి నడిచాడు. అంతలో పెద్ద అల లేచి పిల్లాణ్ణి నడుము దాకా ముంచింది. యేసురాజు విజిల్ ఊదుతూనే నీళ్ళలోకి ఉరికి, వాణ్ణి చంకన వేసుకుని ఒడ్డుకు తెచ్చాడు. వాడు వణికిపోతూ అతని మెడ వదల్లేదు.

"దిమాగ్ ఉందా భయ్యా? ఆ బోర్డు ఎందుకెట్టారనుకున్నావ్?"

"అరవకయ్యా. నీ విజిల్‌తో వీడియో అంతా పాడైంది. ఇంకొక్కసారి నిలబెడతాను, నువ్వు పక్కకుండు."

యేసురాజు పిల్లాణ్ణి తండ్రికివ్వలేదు. పరుగున వచ్చిన తల్లి చేతుల్లో పెట్టాడు.

"దీదీ, ఈణ్ణి మీరే ఎత్తుకోండి. కావాలంటే ఆయన్నే ఆ రాయి మీద నిలబెట్టండి. వీడియో నేన్తీస్తాను."