రిబ్కమ్మ పట్టుకున్న నీళ్లదారి

మా నారాయణఖేడ్‌లో బండి ఉన్న ప్రతి మగవాడూ బండ్ల గురించి అంతా తెలిసినట్టే మాట్లాడతాడు. బండి లేనివాడు ఇంకా ఎక్కువ మాట్లాడతాడు. బస్ డిపో దాటి కొంచెం ముందుకు వస్తే నా జిరాక్స్ దుకాణం, దానికి సరిగ్గా ఎదురుగా సంగమేశ్ వాటర్ సర్వీసింగ్. పొద్దంతా అక్కడ చేరే మేధావులను చూస్తూ పదకొండేళ్లు గడిపాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఆ గుంపు మొత్తంలో బండి సంగతి నిజంగా తెలిసిన మనిషి ఒక్కరే. ఆమెకు బండి లేదు, తోలడం రాదు, ఆమెను ఎవరూ ఏదీ అడగరు. ఆమె పేరు రిబ్కమ్మ. సంగమేశ్ దగ్గర బండ్లు కడుగుతుంది.

రిబ్కమ్మకు నలభై అయిదు దాటి ఉంటాయి. మెథడిస్టు చర్చి వెనక వాడలో ఇల్లు. భర్త పీటర్ మేస్త్రీల కింద పనికి పోతాడు, అదీ పని దొరికిన రోజు. ఇంటికి నికరంగా వచ్చే జీతం ఈమెదే. చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, పైన మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, ఎనిమిదేళ్లుగా అదే చోట నిలబడి కడుగుతోంది. ఏ బండిలో బురద ఎక్కడ దాక్కుంటుందో ఆమె చేతికి తెలుసు. బండి దిగి మీసం దువ్వుకునే వాళ్లను చూసి ఆమె ముసిముసిగా నవ్వుతుంది. "అద్దం సక్కగ మూస్కోనీకి రాదు గని, ఇంజన్ ముచ్చట చెప్తడు" అని ఒకసారి నాతో అంది. ఆ ఒక్క మాటకే ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

ఇక జగన్నాథ్. కల్హేర్ దగ్గర పొలాలున్న మనిషి, పటేల్ అంటే గానీ పలకడు. పోయిన ఏడాది తెల్ల జీపు కొన్నాడు. కొన్నప్పటి నుంచి ప్రతి మంగళవారం బోరంచ పోయి, నల్లపోచమ్మ గుడి ముందు బండి నిలబెట్టి, అద్దం మీద బండారి, అంటే అమ్మవారి పసుపు, చల్లించి, పసుపు బియ్యం పోయించి, వైపర్ల సందులో వేపమండలు గుచ్చుకుని వస్తాడు. భక్తి మీద నాకు పేచీ లేదు, జగన్నాథ్ మీదే నా పేచీ. బురద బండిని బుధవారం కడగడానికి తెచ్చేవాడు. తెచ్చి, రోడ్డు అవతలి నాకు కూడా వినబడేట్టు రిబ్కమ్మకు హుకుం జారీ చేసేవాడు.

"ముందట అమ్మోరి బండారి ఉన్నది. అద్దం కాడికి నీ పైపు తేకు. ఎట్లున్నది అట్లనే ఉండనియ్యి."

"వారం వారం గట్లనే పేరుకపోతున్నది పటేలా."

"చెప్పింది చెయ్యి."

ఆమె చెప్పినట్టే చేసేది. జీపు వెనకాల, పక్కలు, చక్రాలు అద్దంలా మెరిసేవి. ముందు అద్దం కింద మాత్రం పసుపు ముద్ద రోజురోజుకూ మందమయ్యేది.

జులైలో వానలు మొదలయ్యాయి. జీపు లోపల, డ్రైవర్ పక్క సీటు కింద నీళ్లు నిలిచాయి. మొదట చాప తడిసింది, తర్వాత తేలింది. వారం తిరిగేసరికి తలుపు తీస్తే తడి మేకల కొట్టంలోకి తొంగి చూసినట్టు వాసన. జగన్నాథ్ మెకానిక్ హన్మయ్యను పిలిపించాడు. హన్మయ్యకు అన్ని రోగాలకూ ఒకటే మందు, నల్ల గమ్ము. అద్దం పైన పూశాడు, వాన పడింది, నీళ్లు వచ్చాయి. అద్దం కింద పూశాడు, వాన పడింది, నీళ్లు వచ్చాయి. తలుపు రబ్బరు మార్చాడు, మళ్లీ నీళ్లు వచ్చాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం అతను. తన గమ్ము తప్పని ఒప్పుకోలేడు కాబట్టి ఇంకెవరి తప్పో అయి తీరాలి. ఒక సాయంత్రం సర్వీసింగ్ దగ్గర బీడీ ఆర్పుతూ తేల్చేశాడు.

"గీ ప్రెషర్ పైపుతోనే అయింది పటేల్ సాబ్. దగ్గర పెట్టి కొట్టింది. లోపలి రబ్బరు చినిగింది."

జగన్నాథ్‌కు కావాల్సింది అదే. అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి దుత్త దొరికింది. పది మంది ముందు రిబ్కమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"కొత్త బండి నాశనం జేసినవ్! కడుగుడంటే పైపు పట్టుకోని ఆడుకునుడా?"

రిబ్కమ్మ పైపు కింద పెట్టింది. "ముందటికి నేను పైపు తేనే తేలే పటేలా. నువ్వే వద్దంటివి గద."

"నేనా? నేనెప్పుడన్న? ఎవరన్న ఇన్నరా?"

సంగమేశ్ నేల చూశాడు. జగన్నాథ్ వల్ల అతనికి నాలుగు ట్రాక్టర్లు, రెండు జీపులు కడిగే పని వస్తుంది. నేను అప్పుడు రోడ్డు ఇవతల నా దుకాణం మెట్టు మీద ఉన్నాను. నేను విన్నాను. ఒకసారి కాదు, వారం వారం విన్నాను. జగన్నాథ్ వాళ్ల పొలం కాగితాలన్నీ నా దగ్గరికే జిరాక్స్‌కు వస్తాయి. పైగా చేతిలో టీ ఉంది. ఇంతలో ఎవరో కాగితాలు పట్టుకుని వచ్చారు, లోపలికి వెళ్లాను.

సంగమేశ్ ఆ సాయంత్రమే ఆమెతో చెప్పాడు. "పటేల్ బండి బాగయ్యేదాంక నువ్వు పనికి రాకు. ఎవరి తప్పో అప్పుడు చూద్దాం." అప్పుడు అంటే ఎప్పుడో అతనికీ తెలియదు. ఆమె చొక్కా విప్పి మడిచి, చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది.

పది రోజులు గడిచాయి. ఆమె చోట సంగమేశ్ ఎవరినో పెట్టుకున్నాడు. అతను కడిగిన బండ్ల మీద ఎండిన సబ్బు చారలు చారలుగా ఉండేవి. ఆ పది రోజులూ జగన్నాథ్ జీపు సర్వీసింగ్ మొహమే చూడలేదు, దాని మీద ఏ పైపూ పడలేదు. అయినా వాన కురిసినప్పుడల్లా లోపల నీళ్లు వచ్చాయి. దీని అర్థమేమిటో మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుస్తుంది. సర్వీసింగ్ ముందు కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కడికీ తట్టలేదు. హన్మయ్య ఈసారి టాపుకు గమ్ము పూయాలన్నాడు.

పదకొండో రోజు పొద్దున జీపు మళ్లీ సర్వీసింగ్ ముందుకు వచ్చింది. జగన్నాథ్, హన్మయ్య, సంగమేశ్ దాని చుట్టూ నిలబడ్డారు. రిబ్కమ్మ నడుచుకుంటూ వచ్చింది.

"పటేలా, బండి నాకు ఒక్క గంట ఇడ్సిపెట్టు. నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో చూపిస్త. నా తప్పయితే మళ్ల ఈ గడప తొక్క. కాకుంటే నా పని నాకు కావాలె."

హన్మయ్య నవ్వాడు. "ముప్పై ఏండ్ల సంది మెకానిక్ పని చేస్తున్న. నాకు దొరకంది నీకు దొర్కుతదా?"

"నీకు దొర్కలేదనే గద నేనొచ్చిన, హన్మయ్యన్నా."

జగన్నాథ్ చూద్దామన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె లోపలి చాపలన్నీ బయట పడేసి, గోనెగుడ్డతో తడి లేకుండా తుడిచింది. తర్వాత నా దుకాణానికి వచ్చి పాడైన జిరాక్స్ కాగితాలు అడిగింది. ఒక కట్ట ఇచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన సాయం అంతే. ఆమె ఆ కాగితాలను జీపు నేల మీద, తలుపుల అంచున, డాష్‌బోర్డు కింద పరిచింది. కాగితం మీద ఒక్క చుక్క పడినా దాగదు.

"నువ్వే లోపల కూసో పటేలా. నేను కూసోని చెప్తే అబద్ధమంటవు."

అద్దాలన్నీ మూయించి, జగన్నాథ్‌ను ఆ కంపులో కూర్చోబెట్టింది. సెల్‌ఫోన్ లైటు వేసుకుని కాళ్ల దగ్గర చూస్తూ ఉండమంది. పైపు జోలికి పోలేదు. బకెట్టు, మగ్గు తీసుకుంది. అందరూ పైనుంచి పోస్తుందనుకున్నారు. ఆమె కింది నుంచి మొదలుపెట్టింది.

"పైనుంచి పోస్తే అంత ఒక్కసారే తడుస్తది. యాడికెళ్లి వచ్చిందో ఎట్ల ఎరుకైతది?" అంది, ఎవరూ అడగకుండానే.

తలుపు అడుగున పోసి ఆగింది. లోపలి నుంచి జగన్నాథ్ "ఏం లేదు" అన్నాడు. తలుపు రబ్బరు వెంట పోసింది. ఏం లేదు. అద్దం కింది పసుపులోకి నీళ్లు దిగకుండా దాని మీద రబ్బరు చాప కప్పి, అద్దం పక్కల, అద్దం పైన, టాపు మీద పోసింది. ప్రతి చోటా మూడు మగ్గులు పోసి, నీళ్లు జారిపోయేదాకా ఆగేది. ఏం లేదు, ఏం లేదు. హన్మయ్య ఛాతీ పొంగింది.

"చూసిన్రా? నా గమ్ము పక్కా!"

గమ్ము పక్కా అయితే నీళ్లు అక్కడి నుంచి రావడం లేదని, నెల రోజులుగా తాను రోగం లేని చోట మందు పూశానని ఆ మహానుభావుడికి వెలగలేదు.

రిబ్కమ్మ చాప తీసేసింది. ముందు అద్దం కింద, వైపర్లు ఉండే చోట, చిల్లులున్న నల్ల పట్టీ ఒకటి ఉంటుంది. అద్దం మీద పడిన వాన ఆ చిల్లుల్లోంచి దిగి, లోపలి చిన్న తొట్టిలో పడి, రెండు పక్కలా ఉన్న బెజ్జాల గుండా చక్రాల వెనక నేల మీదికి పోవాలి. ఇప్పుడా పట్టీ కనబడటమే లేదు. దాని మీద పసుపు పెచ్చు కట్టి ఉంది.

రిబ్కమ్మ మగ్గు ఎత్తి పట్టుకుని అడిగింది. "ఇగ మిగిలింది ఈ జాగనే. పొయ్యాల్నా పటేలా?"

జగన్నాథ్ లోపలి నుంచి సెల్‌ఫోన్ లైటు అద్దం మీదికి తిప్పి ఆ పసుపును చూశాడు. "పొయ్యి" అన్నాడు చివరికి.

మొదటి మగ్గు ఇంకింది. రెండోది ఇంకింది. చక్రాల వెనక చుక్క రాలలేదు. నాలుగో మగ్గుకు జీపులోంచి కేక వినబడింది.

"అరె, వస్తున్నయ్! నా కాళ్ల మీదనే పడుతున్నయ్!"

తలుపు తీసి చూస్తే డాష్‌బోర్డు కింద, ఫ్యాను గాలి వచ్చే సందులోంచి నీళ్లు ధార కడుతున్నాయి. నా పాడు జిరాక్సులన్నీ నానిపోయాయి.

హన్మయ్య చేత ఆ పట్టీ విప్పించింది. లోపల ఏడాది మంగళవారాలన్నీ ఒకచోట కుళ్లి ఉన్నాయి. నల్లబడ్డ బియ్యం, వేపాకు, బంతిపూల రెక్కలు, వాటన్నిటినీ కలిపి పట్టుకున్న బండారి ముద్ద. బెజ్జాలు రెండూ బిరడా కొట్టినట్టు మూసుకుపోయాయి. నీళ్లకు బయటికి దారి లేక, తొట్టి నిండి, గాలి సందులోంచి జీపులోకి దిగుతున్నాయి.

జగన్నాథ్ తడిసిన ప్యాంటుతో నిలబడి గొణిగాడు. "అమ్మోరి అక్షింతలతోని బండి కరాబ్ అయితదా?"

"అమ్మోరు ఏం జేసింది పటేలా? అక్షింతలు బండి మీద ఎయ్యమన్నరు గని మోరీల నింపమన్నరా? కడగనిస్తే అన్నీ పోతుండె."

అందరూ ఆమె చేత్తో ఆ కుళ్లు తీస్తుందని చూస్తున్నారు. ఆమె చేతులు కట్టుకుంది.

"ఇది మీ గుడికాడిది. నేను ముడితే రేపు అదొక లొల్లి. నువ్వే తియ్యి."

కల్హేర్ పటేల్ తెల్ల చొక్కా చేతులు మడిచి, మోచేతి దాకా లోపల పెట్టి, పిడికిళ్ల కొద్దీ కుళ్లిన బియ్యం తీసి తట్టలో వేశాడు. దాపరికం దేనికి, నాకు చాలా సంతోషం కలిగింది. ఆఖరి పిడికిలి రాగానే రెండు చక్రాల వెనక నీళ్లు భళ్లున కారాయి. హన్మయ్య అప్పుడు తలాడించి, "నాకు మొదటి నుంచే డౌట్ ఉండె" అన్నాడు. ఉమ్మెయ్యాలనిపించింది. ముప్పై ఏళ్ల మెకానిక్ నోట్లోంచి వచ్చే మాటేనా అది?

సంగమేశ్ గొంతు సవరించుకున్నాడు. "సరే తియ్యి, అయిపాయె. రేపు జల్దీ రా."

రిబ్కమ్మ కదల్లేదు. "సేటూ, నా తప్పని పది మంది ముందట అన్నరు. నా తప్పు లేదని గూడ గీ పది మంది ముందటనే అనాలె."

సంగమేశ్ జగన్నాథ్ వైపు చూశాడు. జగన్నాథ్ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు, చాలాసేపు కడుక్కున్నాడు.

"ఏందమ్మా, గింత దానికి గింత జేస్తవ్? పని ఇస్తున్న గద."

ఆమె గోనెగుడ్డ పిండి, గోడ మీద ఆరేసి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఇంట్లో ఉన్న ఒక్క నికరమైన జీతం వదులుకుంది. సంగమేశ్ ఆమెకు పొగరన్నాడు.

నాలుగైదు రోజులకు ఆధార్ కార్డు పట్టుకుని నా దుకాణానికి వచ్చింది. డిపోలో బస్సులు కడిగే కాంట్రాక్టరు మనుషులను తీసుకుంటున్నాడట, కాగితం ఇవ్వాలంది. రాత్రి పని, జీతం కూడా సంగమేశ్ ఇచ్చిన దానికంటే తక్కువేనట. మెషిన్ వేడెక్కేలోగా నేను ఊరుకోలేకపోయాను. జగన్నాథ్‌ను తిట్టాను, హన్మయ్యను తిట్టాను, సంగమేశ్‌కు వెన్నెముకే లేదన్నాను. ఆమె వింటూ నిలబడింది. ఆ ఊపులో ఇంకొక మాట కూడా అనేశాను.

"నీ తప్పు లేదని నాకు మొదటి నుంచే ఎరుక రిబ్కమ్మా. ముందట కడగొద్దని పటేల్ అన్నది నేను ఈడ కూసోని ఎన్నిసార్లు ఇన్ననో."

ఆమె తలెత్తి చూసింది. "ఇన్నవా సారూ?"

"ఇన్న."

"ఎవరన్న ఇన్నరా అని ఆయన అడిగిన నాడు నువ్వు ఈ మెట్టు మీదనే ఉంటివి." ఆమె కాపీ తీసుకుని, మడిచి కొంగున చుట్టుకుంది. "హన్మయ్య తెల్వక అన్నడు. నువ్వు తెల్సి ఊకున్నవ్."

ఆ గొంతులో కోపం కూడా లేదు. ఇంకొక కాపీ కావాలంది. తీసి ఇచ్చాను.