ఖాళీ తెర ముందు మా బావ

పోయిన వారం మా చెల్లెలి కూతురు అన్నం కంచం ముందు కూర్చుని, ఎడమచేత్తో ఫోను తీసి ఇంటర్ ఫలితం చూసుకుని, పాసయ్యానని చెప్పి మళ్ళీ అన్నం కలుపుకుంది. అందరం సంతోషించాం గానీ నా చూపు మాత్రం మా చెల్లెలి మీదికి పోయింది. ఆమె కూడా నావైపే చూసి నవ్వుతోంది. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒకటే, ఆత్మకూరు బస్టాండు దగ్గర మేడ మీది గదీ, అందులో చెమటలు తుడుచుకుంటూ కూర్చున్న మా మేనత్త కొడుకూ.

తొంభైల చివర్లో నేనూ, మా బావా కలిసి ఆ గదిలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాళ్ళం. ఇళ్ళు ఉదయగిరిలో, రోజూ బస్సెక్కి వచ్చేవాళ్ళం. ఇంటర్నెట్ కావాలంటే నెల్లూరుకు ఎస్టీడీ ఫోను కలపాలి, నిమిషాల లెక్కన బిల్లు పడుతుంది గనక, పొద్దునే ఒకసారి లైను కలిపి, వచ్చిన మెయిళ్ళన్నీ దించుకుని, గబుక్కున తెంచేసి, తీరిగ్గా చదివి, జవాబులు రాసిపెట్టుకుని మర్నాడు పంపడం మా పద్ధతి. మేం చేరిన ఒక చర్చా బృందంలో ఏయే దేశాల వాళ్ళో వెబ్ పేజీలకు నియమాలు ఎలా ఉండాలని ఆ మెయిళ్ళలో కొట్టుకునేవాళ్ళు. వాళ్ళ గొడవ మర్నాటికల్లా మా గొడవ అయ్యేది.

మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు చెలామణిలో ఉన్న రెండు బ్రౌజర్లూ ఉప్పూ నిప్పూలా ఉండేవి. ఒకదానికి తెలిసిన స్క్రిప్టు రెండోదానికి తలకెక్కేది కాదు. పేజీలో గళ్ళ పట్టిక, అదే టేబుల్, మొదలుపెట్టి, ఇక్కడితో అయిపోయిందని ముగింపు గుర్తు రాయడం మరిచిపోతే, ఒకటి పోనీలే అని సర్దుకుని చూపించేది, రెండోది తెల్లతెర పెట్టి మూగనోము పట్టేది. టేబుల్ ఎలా రాయాలో నియమాల్లో ఉంది గానీ, తప్పు రాస్తే బ్రౌజర్ ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. తప్పు పేజీని చూపించనే కూడదు, అప్పుడే రాసేవాడికి బుద్ధొస్తుందని బావ వాదన. చదివేవాడు చేసిన పాపమేమిటని నా వాదన. చివరికి, నేర్చుకునే పిల్లలకు చెడ్డ అలవాట్లు అంటుతున్నాయని, సర్దుకుపోయే బ్రౌజర్ను మా మెషిన్లన్నింట్లోంచీ తీసిపారేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆ ఎండాకాలమే ఇంటర్ ఫలితాలు ఇంటర్నెట్లో కూడా వస్తాయన్నారు. మా చెల్లెలికి నెల్లూరులో నర్సు ట్రైనింగ్ సీటు మీద ప్రాణం. ఫలితాలొచ్చిన రోజు సాయంత్రంలోగా మార్కుల కాగితం తెచ్చినవాళ్ళ పేర్లే తీసుకుంటామన్నారు. ఇంటర్నెట్లో తీసిన కాగితమైనా సరేనన్నారు. పేపర్లో నంబర్లు వచ్చేది మర్నాడు, అందులో మార్కులుండవు. ఈసారి సీటు రాకపోతే ఊళ్ళోనే మిషన్ కుట్టుకోమని మా నాయన ముందే చెప్పేశాడు.

ఆ రోజు చెల్లెలు మొదటి బస్సుకే వచ్చి నిలబడింది. వెనకాల అనంతసాగరం నుంచీ కలువాయి నుంచీ వచ్చిన పిల్లలూ, తండ్రులూ మెట్ల దాకా నిండిపోయారు. లైను తెగుతూ కలుస్తూ, ఎప్పటికో పేజీ దిగింది. దిగడం పూర్తయిందని కింద రాసి ఉంది. తెర మాత్రం తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఉంది. మళ్ళీ తెచ్చాం, మళ్ళీ తెల్లగోడే. వెనకనుంచి ఎవరో, ఏందిది, మిషన్ చెడిపోయినాదా అన్నారు. నంబరు తప్పు కొట్టామేమోనని చెల్లెలు హాల్ టికెట్ చూసి ఒక్కో అంకే మళ్ళీ చదివి చెప్పింది. బావ మీద ఆ క్షణంలో వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు.

బావ లైను తెంచి, పేజీని ఫ్లాపీలో దించి, దాని వెనక ఉన్న రాత తెరిచాడు. గుర్తుల గజిబిజి మధ్యలో చెల్లెలి పేరూ, మార్కులూ అన్నీ ఉన్నాయి. ఎవరో తొందరలో రాసినట్టున్నారు, టేబుల్ ముగింపు గుర్తొక్కటే లేదు. దాన్ని చేర్చడం చిటికెలో పని. కానీ ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"మార్కుల కాగితంరా ఇది. ఇంకోడు రాసిన దాంట్లో మనం చెయ్యి పెట్టొచ్చునా?"

"ఆ బ్రౌజర్ ఉండుంటే అదే పెట్టేది గదా బావా," అన్నాను పళ్ళు బిగబట్టి.

ఆయన నన్ను చూడలేదు. చెల్లెలిని చూశాడు. తర్వాత ఆ గుర్తు కొట్టాడు. తెర నిండా మార్కులు పరుచుకున్నాయి, ఫస్టు క్లాసు. చెల్లెలు ఆయన కుర్చీ పట్టుకుని అలాగే కూలబడి ఏడ్చింది. అంతవరకూ మెట్ల మీద గొణుగుతున్న ముక్కూమొహం తెలియని వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ప్రింటు తీసిన కాగితం పట్టుకుని ఆమె నెల్లూరు బస్సుకు పరిగెత్తింది, సీటు దక్కింది. బావ మాత్రం అన్నానికి కూడా లేవకుండా, వచ్చిన ప్రతి బిడ్డ పేజీకీ ఆ ముగింపు గుర్తు తన చేత్తో పెడుతూనే ఉన్నాడు.

మర్నాడు ఆయన ఆ బృందానికి పంపిన మెయిల్లో నా వాదనా లేదు, ఆయన వాదనా లేదు. తప్పు పేజీలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, కాబట్టి ఎలా సర్దుకోవాలో కూడా నియమంలోనే రాయండి, అన్ని బ్రౌజర్లూ ఒకేలా సర్దుకోవాలి అని రాశాడు. ఎవరూ జవాబివ్వలేదు. ఏళ్ళు గడిచాక నియమాలు అలాగే వచ్చాయి, మా బావ వల్ల కాదనుకోండి.

మొన్న ఆయనకు ఫోన్ చేసి మేనకోడలి సంగతి చెప్తే, తెల్లగోడ రాలేదా అని నవ్వాడు. ఇప్పుడు పేజీలో ఎన్ని తప్పులున్నా ఎవరికీ తెలియకుండా సర్దుకుపోతాయి. మంచిదే, మేం కొట్లాడింది దానికోసమే. కానీ ఆ పిల్ల ఫలితం వచ్చినప్పుడు వెనకాల మెట్ల నిండా జనం లేరు, పట్టుకుని ఏడవడానికి కుర్చీ లేదు. అన్నం చల్లారకముందే అంతా అయిపోయింది.