సందులో బన్ను బండి

మా ఇంట్లోంచి రోడ్డు మీదికి రావాలంటే మనిషి పక్కకి తిరగాలి. పొట్ట లోపలికి పీల్చుకుని, గోడకి వీపు రాసుకుంటూ ఎండ్రకాయలా జరగాలి. ఇంటికీ రోడ్డుకీ ఉన్నది ఒక్కటే సందు. ఆ సందులో వ్యాను ఉంది. మోకాలు బాగున్నన్నాళ్లూ తిట్టుకుంటూ తిరిగాను. మోకాలు వాచాక తిట్టుకుంటూ లోపలే ఉన్నాను.

ఆ వ్యాను తిరువూరులో ఒకప్పుడు నడిచిన బేకరీది. ముందు కారు మొహం, వెనక రేకు పెట్టె. తెల్లవారేసరికి వేడి బన్నులు, రొట్టెలు ఎక్కించుకుని గంపలగూడెం, వినగడప, రెడ్డిగూడెం టీ కొట్లకి వేసి వచ్చేది. మా ఆయన దాని డ్రైవరు. ఆయన అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు, బన్ను డ్రైవరంటే చాలు. బేకరీ మూసేసిన రోజు యజమాని తాళం ఆయన చేతిలో పెట్టి, "దీన్ని ముక్కలు చేయించడానికి నాకు మనసు రావట్లేదురా, నువ్వే ఉంచుకో" అన్నాడు. యజమానికి రాని మనసు మా ఆయనకి వచ్చింది. వ్యాను ఒక షెడ్డులో ఊరికే పడి ఉంటే దాన్ని ములగచెట్టు అనుకున్నాడు. అడిగినవాడికల్లా కొమ్మ విరిచి ఇచ్చాడు. వెనక తలుపులు ఒకరి కోళ్ల గూటికి పోయాయి. హారను ఐసు అమ్ముకునేవాడికి, అద్దం మంగలి కొట్టుకి. కొన్నాళ్లకి ముందు చక్రాలు కూడా లేవు.

షెడ్డు ఖాళీ చెయ్యమన్నప్పుడు ట్రాక్టరుకి కొక్కెం వేయించి వ్యానుని మా సందులోకి వెనక్కి తోయించాడు. ముందు భాగం రాళ్ల మీద నిలబెట్టాడు. "రెండు వారాలే" అన్నాడు. ఈలోపు పాత కార్లంటే పిచ్చి ఉన్న హైదరాబాదు ఆయన ఒకడు ఎవరి ద్వారానో విని వచ్చాడు. బండి చుట్టూ తిరగడానికి చోటు లేక, బానెట్టు మీదికి వంగి చూసి, "ఇలాంటిది ఇప్పుడు దొరకదండీ. బాగు చేయించండి. కానీ ప్రతి ముక్కా అసలుదే పెట్టాలి" అని టీ తాగి వెళ్లిపోయాడు. ఆయన తాగిన టీ గ్లాసు కడిగింది నేను. ఆ మాటకి జైల్లో పడిందీ నేనే.

అప్పటి నుంచి ఆయన ఇచ్చినవన్నీ వెనక్కి అడుక్కుంటూ తిరిగాడు. అద్దం వచ్చింది. హారను వచ్చింది, పలకదు. తలుపులున్న ఇంటివాళ్లు కోళ్లు గుడ్లు పొదిగేదాకా ఆగమన్నారు. ఇవన్నీ లేకపోయినా బండి కదులుతుంది. హబ్బులు లేకపోతేనే కదలదు. హబ్బంటే ఇరుసు చివర చక్రం బిగించే ఇనప గుండ్రం. ముందువి రెండూ లేవు. బెజవాడ ఆటోనగర్‌కి అట్టముక్క మీద కొలత గీసుకుని వెళ్లేవాడు. అక్కడివాళ్లు, "తాతగారూ, ఇది మీకంటే పెద్దదండీ" అని నవ్వి పంపేవారు. లేతు మిషను మీద కొత్తవి చేసిస్తామంటే ఈయన ఒప్పుకోడు. అసలువే కావాలి. మళ్లీ ట్రాక్టరు పెట్టి లాగించెయ్యమంటే, "ఇంకోసారి కొక్కెం వేస్తే కింది ఛాసిస్ చట్రం రెండు ముక్కలవుద్దే" అనేవాడు.

యాభై దాటాక పాస్టరమ్మగారి దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని నేను. అంతకుముందు నాకు బస్సు బోర్డు కూడా బొమ్మే. శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థనలో ఒక అధ్యాయం నేనే పైకి చదివేదాన్ని, వరస కింద వేలు పెట్టుకుని, తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి. మోకాలు వాచాక రెండుసార్లు మాత్రం ఎలాగో వెళ్లాను. తరవాత వెళ్లలేదు. నేను లేనని అధ్యాయం ఆగిపోలేదు. ఇంకొకామె చదువుతోంది, వేలు పెట్టుకోకుండా చదువుతోందట. నాకు మండింది అక్కడ.

పక్కింటి కోడలు కూర గిన్నె ఇవ్వడానికి వచ్చి, సందు మొగలోనే నిలబడి ఒకరోజు అంది, "అత్తా, నువ్వు పోతే నిన్నెట్టా బయటికి తెస్తారు? నిలబెట్టి నడిపించుకురావాలి."

"అప్పుడైనా పొట్ట తగ్గుద్దిలేవే" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆమె వెళ్లాక మంచం వంక చూశాను, సందు వంక చూశాను. నవ్వు రాలేదు.

ఆయన రాగానే పట్టుకున్నాను. "ఏమయ్యా, ఆ హబ్బులు ఎవరికిచ్చావు?"

"గుర్తు లేదే."

"కోళ్ల గూటివాడి తాత పేరు కూడా గుర్తుంది నీకు. ఇది గుర్తు లేదా?"

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "వినగడపలో ఒకాయనకి. పత్తి తోలుకోటానికి టైరు బండి కట్టించుకుంటానంటే ఇచ్చా."

"మరి పోయి అడగరాదా?"

"ఆయన ఎడ్లని అమ్మేశాడు. ఆ బండిని అక్కడి పేటవాళ్లు తీసుకున్నారు."

"తీసుకుని?"

"శవాల బండి చేశారు."

అదీ సంగతి. ఎక్కడున్నాయో తెలిసే బెజవాడ చుట్టూ తిరిగాడు. ప్రభువుని నమ్ముకున్నవాళ్లకి మైల లేదు, ముట్టు లేదు అని పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు చెప్పారో, మా ఆయన ఎన్నిసార్లు ఆమెన్ అన్నాడో. అయినా చావు బండి ఇనుము ఇంటికి తేవడమంటే ఆయనకి భయం. "నీ చేత్తో పట్టుకోకు, నేను పట్టుకుంటా. బయటికి పోయే దారి కోసం అవసరమైతే శవాన్ని కూడా పక్కకి జరగమంటా" అన్నాను.

పాతసామాన్ల కొట్టులో ఏదో జీపువి రెండు హబ్బులు తీసుకున్నాం, వాళ్ల బండికి మారుగా ఇవ్వడానికి. మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుని, చీర పైకి దోపుకుని, వ్యాను పక్కన జరిగాను. తలుపు పిడి కడుపులో గుచ్చుకుంది. గోనెసంచి ఒళ్లో పెట్టుకుని షేరింగు ఆటోలో వినగడప వెళ్లాం.

బండి సమాధుల దొడ్డి పక్కన రేకుల పాక కింద ఉంది. దాన్ని చూసుకునే మనిషి పొలం పనులకి పోయేవాడు, యాభై ఏళ్లుంటాయి. సంగతి చెబితే వింతగా చూశాడు గానీ కాదనలేదు. "ఏ చక్రమైనా ఇందులో పడుకున్నోడికి ఒకటే పెద్దమ్మా, తోసేవాళ్లకే తేడా. కానీ ఇంటికి తీసుకెళ్తారా? నిజంగానే?"

"నిజంగానే."

"డ్రైవరుగారేరీ?"

డ్రైవరుగారు రోడ్డవతల వేపచెట్టు కింద నిలబడ్డారు. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు, అక్కడ ఏదో వాసన వస్తున్నట్టు. ఎంత పిలిచినా గీత గీసినట్టు అక్కడే. "మీరు విప్పండి, నేను చూస్తుంటా" అని అక్కడి నుంచే కేకేశాడు. అక్కడి నుంచి ఆయనకి కనపడేది ఆ మనిషి వీపు ఒక్కటే.

కుడి చక్రం నట్లు కిరసనాయిలు పోస్తే కాసేపటికి వచ్చేశాయి. హబ్బు చక్కగా బయటికొచ్చింది. నల్లగా, బరువుగా, ఒక్క పగులు లేకుండా. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే నాకు మా సందు వెడల్పవుతున్నట్టే అనిపించింది. ఆ మనిషి ఎడమ చక్రం నట్టుకి పాను తగిలించాడు. కుడిదాన్ని తిప్పిన వైపే తిప్పాడు. రాలేదు. పానుకి పైపు తొడిగాడు. రాలేదు. "మొండిదే పెద్దమ్మా, మీ ఆయన లాగానే" అని పైపు మీద ఎక్కి కూర్చున్నాడు.

రోడ్డవతల నుంచి మా ఆయన కేక వినిపించింది. "ఎడమదా అది? అటు కాదురా! అటు తిప్పితే బిగుసుద్ది!"

అప్పటికే టప్ మంది. నట్టుతో పాటు హబ్బు అంచు చెంచా అంత ముక్క ఊడి నా కాళ్ల దగ్గర పడింది. పగులు లోపలిదాకా పాకింది.

పాత బండ్లకి ఎడమవైపు నట్ల మర తిరగేసి ఉంటుందట. చక్రం నడుస్తుంటే నట్టు వదులు కాకుండా. ఆ ముక్క చెప్పడానికి రోడ్డు దాటాలి. దాటలేదు. ఇప్పుడు మాత్రం మా ఆయన పరుగెత్తుకొచ్చాడు, చెప్పులు కూడా వదిలేసి. చావు బండి మీద చెయ్యి ఆనించి కూలబడ్డాడు. తువ్వాలుతో మిగిలిన నట్టు ఒకటి తుడిచి చూపించాడు. దాని మీద ఒక ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉంది. ఎడమ మర అని గుర్తట. నేను అంతకుముందే చూశాను దాన్ని, ఉలి జారిన గీత అనుకున్నాను. నాకు తెలుగు ఒక్కటే నేర్పారు.

పాపం ఆ మనిషి బిక్కచచ్చిపోయాడు. "నాకేం తెలుసు డ్రైవరుగారూ, మీరు దగ్గరుంటే..."

"నిన్నేమీ అనట్లేదయ్యా" అన్నాను నేనే. అనాల్సిన మనిషి నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

మేం తెచ్చిన హబ్బులు వాళ్ల బండికి రెండువైపులా బిగించారు. ఇంతకుముందు మూలిగేదట, ఇప్పుడు చేత్తో తోస్తే చప్పుడు లేకుండా పోతోంది. వినగడపలో పోయినవాళ్లకి దారి బాగుపడింది.

ఇంటికొచ్చి ఉన్న ఒక్క హబ్బూ బిగించి, కుడివైపు స్పేరు చక్రం పెట్టాడు. ఎడమ మూల రాళ్ల మీదే. నాలుగిళ్ల మగవాళ్లని పిలిచి, ముందు భాగాన్ని అవతలి గోడ వైపు జరిపితే నాకు నడవడానికి చోటొస్తుందన్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వాళ్లు హైలెస్సా అని తోశారు. రోడ్డు వైపు మూరెడు చోటొచ్చింది. అందరూ కేరింత కొట్టారు. ముందు అటు పోతే వెనక ఇటు రాదా? వ్యాను వెనక మూల వచ్చి నా గుమ్మం పక్క గోడకి ఆనింది. అదే ఊపులో ఎడమ మూల రాళ్ల మీంచి జారి నేలకి కూర్చుంది. మళ్లీ ఎంత తోసినా కదల్లేదు.

ఇప్పుడు సందు మొగలో ఇద్దరు పక్కపక్కన నడవొచ్చు. నా గుమ్మం దగ్గర మిగిలిన సందులో పిల్లి పడుతుంది, మా ఆయన పడతాడు. ఆయన ఎండుకట్టె. నేను పక్కకి తిరిగినా పట్టను.

పక్కింటి కోడలు వచ్చి చూసింది. ఈసారి ఏ జోకూ వెయ్యలేదు. గిన్నె ఆయన చేతికిచ్చి వెళ్లింది.

ఒక దారి మాత్రం ఉంది. వ్యాను వెనక తలుపులు లేవు కాబట్టి, గుమ్మంలోంచి అడుగు వేస్తే నేరుగా బన్నులు పెట్టే పెట్టెలోకి ఎక్కొచ్చు. పెట్టెలోంచి డ్రైవరు సీటుకి పోతే అక్కడి తలుపు తీసుకుని రోడ్డు మీదికి దిగొచ్చు. మధ్యలో ఒక రేకు గోడ అడ్డం.

"ఆ రేకు కోసెయ్" అన్నాను.

"అది అసలుదే. ఈ బండిలో చెయ్యి పడనిది అదొక్కటే."

"నేనూ అసలుదాన్నే. వేరే చోట దొరకను."

చాలాసేపు రేకు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. తరవాత రంపం తీసుకొస్తాడనుకుంటే సన్న ఉలీ చిన్న సుత్తీ తెచ్చుకున్నాడు. కొయ్యడట. చుట్టూ ఉన్న రివిట్లు ఒక్కొక్కటీ తల చెక్కి, రేకు వంగకుండా విప్పుతాడట. మళ్లీ పెట్టుకోవాలిగా. విప్పిన రివిటునల్లా జాగ్రత్తగా కొబ్బరి చిప్పలో వేసుకుంటున్నాడు.

శుక్రవారం వస్తోంది. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఈ వారం చదవాల్సిన అధ్యాయం వేలు పెట్టుకుని చదువుకుంటున్నాను. పెట్టె లోపల నుంచి టక్, టక్ మని వినపడుతోంది. ఒక్కో రివిటుకి నాకు అరపేజీ అవుతోంది.