అరుగు మీది ఇంగ్లీషు

పద్మారాణిది సిరిసిల్ల పక్కన ఒక పల్లె. తెలుగు మీడియంలో ఇంటర్ చదివింది. పెళ్లయ్యాక భర్త రాజనర్సు వెంట సూరత్ వచ్చింది. అతను ఉధ్నాలో మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. కాపురం డిండోలిలో, తెలంగాణ కుటుంబాలే ఎక్కువగా ఉండే ఒక గల్లీలో.

గల్లీ చివర ఇంగ్లీషు మీడియం నర్సరీ ఒకటి ఉండేది. పద్మారాణి అందులో ఆయాగా చేరింది. పిల్లల ముక్కులు తుడవడం, బాత్రూంకు తీసుకెళ్లడం, టిఫిన్ డబ్బాల మూతలు తీసిపెట్టడం ఆమె పని. టీచర్లు పాఠం చెబుతుంటే గుమ్మం పక్కన నిలబడి వినేది. ఇంటికొచ్చి అంట్లు తోముకుంటూ ఆ వాక్యాలే తనలో తాను అనుకునేది. అలా కొన్నేళ్లలో చాలా ఇంగ్లీషే వంటబట్టింది. కాని నలుగురి ముందు ఒక్క ముక్క మాట్లాడాలన్నా నోరు పెగిలేది కాదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. నర్సరీ మూసేశారు, ఇక రావద్దని ఆమెకు ఫోన్‌లో చెప్పేశారు. మగ్గాలు ఆగిపోయాయి. గల్లీలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి.

"మనం గూడ ఊరికి పోదమా?" అన్నాడు రాజనర్సు.

"పోతే మళ్ల రావొస్తదో లేదో! కార్ఖాన తెరిస్తే నీ మగ్గం ఇంకొకలకు ఇస్తరు. ఈడనే ఉందాం."

ఉండిపోయారు. వానాకాలానికి మగ్గాలు మెల్లగా మొదలయ్యాయి గాని బడులు తెరవలేదు. పాఠాలు ఫోన్లో పంపేవారు. ఆ ఫోన్లేమో తండ్రుల జేబుల్లో కార్ఖానాలకు వెళ్లిపోయేవి. పిల్లలు పొద్దస్తమానం గల్లీలోనే ఉండేవారు. వాళ్లలో ఏడేళ్ల సంతోషి అందరికంటే చురుకు. దాని తండ్రి సోమలింగం ఊరి బయట దూరంగా ఉన్న జోల్వాలో మగ్గాల మీద పనిచేస్తూ అక్కడే ఉండి, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. నాయనమ్మ కనకవ్వ దాన్ని కనిపెట్టుకుని ఉండేది.

ఒక ఆదివారం రాజనర్సు సైకిల్‌కు గాలి పోయింది. పంక్చర్ వేసేవాడు సొంతూరు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. రాజనర్సు సైకిల్‌ను అరుగు ముందు తలకిందులుగా నిలబెట్టి తానే టైరు ఊడదీయడం మొదలుపెట్టాడు. పిల్లలు చుట్టూ మూగారు.

"మామా, ట్యూబు బయటికి గుంజు!"

"వాల్వు జర భద్రం!"

"పంపు నేను కొడ్త, నేను కొడ్త!"

గుమ్మంలో బియ్యం ఏరుతున్న పద్మారాణి చేతులు ఆగిపోయాయి. టైరు, ట్యూబు, వాల్వు, పంపు. పుస్తకం తెరిస్తే ఏడుపు మొహాలు పెట్టే పిల్లల నోట్లోంచి ఇంగ్లీషు మాటలు వాటంతటవే రాలుతున్నాయి. వాటిని కలిపి కుట్టేవాళ్లే లేరు.

ఆమె లేచి వెళ్లి తొట్టిలో నీళ్లు తెచ్చి పెట్టింది. "పుట్ ది ట్యూబ్ ఇన్ ది వాటర్," అంది.

ఎవరూ కదల్లేదు. ట్యూబును చూపించి, నీళ్లను చూపించి మళ్లీ అంది. సంతోషి టక్కున ట్యూబు లాక్కుని నీళ్లలో ముంచింది. ఒకచోట నుంచి బుడబుడమని గాలి పైకి వచ్చింది.

"బబుల్స్ ఆర్ కమింగ్," అంది పద్మారాణి.

"బబుల్స్ ఆర్ కమింగ్!" అని అరిచింది సంతోషి. తడి చేతులతోనే ఎదురుగా ఉన్న తన ఇంటికి పరుగెత్తింది. "నాయనమ్మా! బబుల్స్ ఆర్ కమింగ్!"

ఆ తర్వాత 'రబ్ ది ట్యూబ్' అంటే గరుకు కాగితంతో రుద్దారు. 'వెయిట్' అంటే సొల్యూషన్ ఆరేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. 'ప్రెస్' అంటే అందరూ ఒకరి మీద ఒకరు పడి ప్యాచ్‌ను నొక్కారు. చివరికి రాజనర్సు చేతులు కట్టుకుని, "ఇప్పుడు నేనేం జెయ్యాలె టీచరమ్మా?" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు.

మర్నాటి నుంచి సాయంత్రం అయ్యేసరికి పిల్లలు అరుగెక్కేవారు. పద్మారాణి ఒకరోజు ఉల్లిగడ్డలు ఇచ్చి పొట్టు తీయించింది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే 'ఐ యామ్ క్రైయింగ్' అన్న మాట ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంకోరోజు చాయ్ పెట్టించింది. పాలు పొంగిపోతుంటే కంగారులో తనే "స్టాప్ ది స్టవ్!" అని అరిచింది. తర్వాత అనుమానం వచ్చి ఫోన్‌లో వెతికింది. మర్నాడు పిల్లలతో, "నిన్న నేను తప్పు జెప్పిన. టర్న్ ఆఫ్ ది స్టవ్ అనాలె," అంది. టీచరే తప్పు ఒప్పుకున్నాక పిల్లలకు తప్పు మాట్లాడటమంటే భయం పోయింది.

కార్ఖానా నుంచి రాజనర్సు తెచ్చిన గుడ్డముక్కలతో మాస్కులు కుట్టించింది. కత్తిరించు, మడత పెట్టు, సూది జాగ్రత్త, అన్నీ ఇంగ్లీషులోనే. మాస్కులు కట్టుకున్న పిల్లలు ఊరుకుంటారా? రోడ్డు మీద నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపారు. "అంకుల్, ప్లీజ్ కవర్ యువర్ నోస్!" కూరగాయల బండి అతను, ఆటోవాళ్లు నవ్వుకుంటూనే మాస్కు పైకి లాక్కునేవారు.

సోమలింగానికి మాత్రం ఇది నచ్చలేదు. ఒక సెలవు రోజు నేరుగా అరుగు దగ్గరికే వచ్చాడు.

"ఏంది చెల్లె గిది? ఇంగ్లీషు నేర్పుతవని పంపితే పంక్చర్లు, చాయ్, ఉల్లిగడ్డలా? పుస్తకమే తెరుస్తలేవట. పంక్చరైతే నేను ఇంట్ల నేర్పనా?"

"పుస్తకం వద్దంటలేను అన్నా. ముందుగాల నోరు తిరగాలె. జర ఓపిక పట్టు."

"నాకు ఓపిక లేదు," అని సంతోషి రెక్క పట్టుకుని తీసుకెళ్లిపోయాడు.

పద్మారాణికి ఆ పూట అన్నం సహించలేదు. తనకే సరిగా రాని భాషను పిల్లలకు నేర్పడమేమిటి అనిపించింది. కాని మర్నాడు సాయంత్రం పాఠం మొదలుపెట్టి ప్రశ్న అడగ్గానే ఎదురింటి కిటికీలోంచి జవాబు కేకలా వచ్చింది. సంతోషి ఊచలు పట్టుకుని వేలాడుతోంది. దాని వెనక నుంచి కనకవ్వ గొంతు: "నీ అయ్య జోల్వా పాయె గదనే! గా కిటికీ ఎందుకు పట్టుకున్నవ్? పో, అరుగు మీదనే కూసో!"

2021 ఏప్రిల్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడింది. పద్మారాణికి జ్వరం వచ్చింది. ఘాటైన కారప్పొడి వాసన కూడా తెలియలేదు. గదిలో ఒంటరిగా పడుకుంది. రాజనర్సు తలుపు దగ్గర తిండి పెట్టి పక్కకు తప్పుకునేవాడు. ఒక సాయంత్రం బయట అలికిడైంది. పిల్లలు గల్లీకి అవతలి పక్కన దూరందూరంగా నిలబడ్డారు.

"పద్మత్తా! ఓపెన్ ది విండో!"

తీసింది.

"డ్రింక్ హాట్ వాటర్!"

"ఈట్ యువర్ ఫుడ్!"

"డోంట్ టాక్! టేక్ రెస్ట్!"

తను నేర్పని వాక్యాలు కూడా ఉన్నాయి వాటిలో. ఎక్కడెక్కడివో మాటలు ఏరుకుని వాళ్లే కుట్టుకున్నారు. పద్మారాణి దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది. తొందరగానే కోలుకుంది.

జూన్‌లో సోమలింగం కూతుర్ని మంచి ఇంగ్లీషు మీడియం బడిలో చేర్చాలనుకున్నాడు. బడివాళ్లు పిల్లతో కాసేపు మాట్లాడి చూస్తామన్నారు. "పద్మను తోల్కపో. నీకు రాదు, నాకు రాదు," అంది కనకవ్వ. తల్లి మాట కాదనలేక సోమలింగం ముభావంగానే పద్మారాణిని వెంటబెట్టుకెళ్లాడు.

ప్రిన్సిపాల్ గుజరాతీ ఆవిడ, నెమ్మదస్తురాలు. పేరడిగింది. సంతోషి చెప్పింది. ఏదైనా రైమ్ చెప్పమంది. సంతోషికి రైములు రావు. సోమలింగం గుమ్మం దగ్గరున్న పద్మారాణి వైపు కోపంగా చూశాడు. సంతోషి మాత్రం ప్రిన్సిపాల్ మొహం వైపే చూస్తోంది.

"మేడం, ప్లీజ్ కవర్ యువర్ నోస్."

"మాఫ్ కరో మేడం, బచ్చీ హై!" అని హిందీలో బతిమాలుతూ సోమలింగం లేచి నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ చేత్తోనే కూర్చోమని సైగ చేసి, జారిన మాస్కు పైకి లాక్కుంది. ఎందుకు కప్పుకోవాలో చెప్పమని పిల్లను ఇంగ్లీషులో అడిగింది.

"జర్మ్స్ ఆర్ కమింగ్ మేడం!" ఇక సంతోషికి అడ్డు లేకపోయింది. గుడ్డ ఎలా కత్తిరించాలో, ఎలా మడవాలో, సూది గుచ్చుకుంటే ఏం చేయాలో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. మధ్యలో తప్పులు దొర్లినా ఆగలేదు. ప్రిన్సిపాల్ ముందుకు వంగి వింటూ కూర్చుంది.

"ఎవరు నేర్పారు?"

సంతోషి వేలు చూపించింది. ప్రిన్సిపాల్ పద్మారాణిని లోపలికి పిలిచి, "ఆర్ యూ ఎ టీచర్?" అని అడిగింది.

కాదు, ఆయాను అందామనుకుంది పద్మారాణి. కాని అరుగు మీది పిల్లలందరూ కళ్ల ముందు మెదిలారు. "యెస్ మేడం," అంది. "ఐ టీచ్."

ప్రిన్సిపాల్ ఆమె ఫోన్ నంబరు తీసుకుంది. సంతోషికి సీటు దొరికింది.

తిరిగి వస్తూ సోమలింగం గల్లీ మలుపులో ఆగి, "చెల్లె, రేపటి సంది దీన్ని రోజూ నీ తాన్కి పంపుత," అన్నాడు.

"పంపుడేందన్నా? రోజూ వస్తనే ఉన్నది గదా!"

సోమలింగం ఇంటి గడపలో నిలబడ్డ తల్లి వైపు చూశాడు. కనకవ్వ తొణకలేదు. "గట్ల చూసుడు ఆపి కాళ్లు కడుక్కో," అంది.

నవంబరులో చిన్న తరగతులు తెరిచారు. ప్రిన్సిపాల్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకటో తరగతి పిల్లలు బడి మొహమే చూడనివాళ్లు, ఏడుపులు ఆగడం లేదు, ఒకసారి వచ్చి పాఠం చెప్పి చూడమంది. పద్మారాణి సంచి నిండా నిమ్మకాయలు పట్టుకెళ్లింది. పిల్లకో ముక్క ఇచ్చింది. వాసన చూడమంది, పిండమంది, నాలుక మీద చుక్క వేసుకోమంది. తరగతిలో మొహాలన్నీ ఒక్కసారిగా వంకర్లు తిరిగాయి. "సవర్!" అని తను మొహం చిట్లిస్తే అందరూ "సవర్!" అన్నారు. ఏడుపులు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు.

ఆమెను అసిస్టెంట్ టీచర్‌గా తీసుకున్నారు. డిగ్రీ పూర్తి చేయాలని షరతు పెట్టారు. ప్రైవేటుగా చదవడానికి ఫీజు కట్టేసింది.

చలికాలంలో మళ్లీ మూసిన బడులు ఫిబ్రవరిలో తెరిచాక, పద్మారాణి తరగతిని బార్డోలీ చెరకు తోటలకు తీసుకెళ్తానంది. వీడియో చూపించవచ్చు కదా అన్నారు తోటి టీచర్లు. ప్రిన్సిపాల్ సరేనంది. సహాయానికి రాజనర్సు సెలవు పెట్టి వచ్చాడు, సోమలింగమూ వచ్చాడు.

అందరూ ప్రభుత్వ బస్సే ఎక్కారు. ప్రతి పిల్లా తన టికెట్ తానే అడగాలని పద్మారాణి ముందే చెప్పింది. కండక్టర్ మొదటి సీటు దగ్గరికి రాగానే ఒక బుడతడు లేచి, "వన్ టికెట్ ప్లీజ్!" అన్నాడు. కండక్టర్ ఒక క్షణం తెల్లబోయి, భుజానికున్న సంచి సర్దుకుని, అంతే గంభీరంగా, "వేర్ టు, సర్?" అని అడిగాడు.

బస్సు దద్దరిల్లేలా పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు:

"బార్డోలీ!"