దశరథం సారు మోడెం మోజు

దశరథానికి లోకంలో నమ్మకం ఉన్నది ఒక్క పాత టెలిఫోన్ మోడెం మీదే. గద్వాలలోని పాల సంఘం హెడ్డాఫీసులో కంప్యూటర్ల వ్యవహారమంతా ఆయనదే. ఊరూరికీ ఫైబర్ వచ్చాక కూడా, ప్రతి పాలకేంద్రంలో రూటరు వెనక సీరియల్ పోర్టుకు ఒక మోడెం, ఆ మోడెంకు ఒక ల్యాండ్‌లైన్ తగిలిస్తే తప్ప ఆయనకు అన్నం సహించదు. వనపర్తిలో ఓ పెళ్లికి వెళ్లి, విడిదింట్లో ల్యాండ్‌లైన్ కనబడితే పెళ్లికూతురిని వదిలేసి దాన్నే చూస్తూ కూర్చున్నాడంటారు. అబద్ధమే కావచ్చు, కానీ ఆయనకు అతికినట్టు సరిపోతుంది.

మానవపాడు కేంద్రం ఇన్‌చార్జి పద్మజకు ఆయన్ని చూస్తేనే ఒళ్లు మంట.

"ఏంది సార్ గిది? మా నాయన పెండ్లి నాటి డబ్బా తెచ్చి నా బల్ల మీద పెడ్తరు?"

"పద్మజమ్మా, నెట్ పోయినా సరే, దీనికి ఫోన్ చేసి గద్వాల నుంచే రూటరు లోపటికి పోత."

"నెట్ పోతే ఫైబరోళ్లు వస్తరు గద!"

"రూటరే అన్నీ మర్శిపోతే? అప్పుడు గూడ దాని సీరియల్ పోర్టు తొమ్మిదివేల ఆరువందల వేగం మర్వదు. అందుకే మోడెంను గూడ గదే వేగానికి పెట్టిన" అంటూ ఆ డబ్బాను పసిపిల్లను నిమిరినట్టు నిమిరాడు. ఆ వేగమేమిటో పద్మజకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు.

రెండో రింగుకు మోడెం తనంతట తానే లైను ఎత్తుకోవాలి. కానీ అదే లైనుకు ఒక ఫోను కూడా ఉంది, దాని పక్కనే అటెండరు మల్లయ్య ఉన్నాడు. దశరథం పరీక్ష కోసం గద్వాలలోని తన మోడెంతో దీనికి ఫోన్ చేస్తే మొదటి రింగుకే మల్లయ్య ఎత్తేవాడు.

"హలో! మేడం, ఎవరికో ఎక్కిళ్లు వస్తున్నయి. జర నీళ్లు తాగు బిడ్డా, నీళ్లు తాగు!"

వెంటనే పద్మజ సెల్లుకు దశరథం ఫోన్ వచ్చేది. "ఆయన్ని ఎత్తకుమను! అది నేను గాదు, మోడెం!"

"ఫోన్ మోగుతుంటే ఎత్తకుంటే ఏం మర్యాద సార్?" అనేవాడు మల్లయ్య. దశరథం ఫోనుకు 'ఎత్తరాదు' అని కాగితం అంటించి వెళ్లాడు. మల్లయ్య కాగితంతో సహా ఎత్తాడు.

ఓ పొద్దున నెట్ నత్తనడక నడుస్తోందని పద్మజకు విసుగొచ్చింది. చీరకున్న పిన్నీసు తీసి, రూటరు వెనక ఉన్న సన్నటి రీసెట్ రంధ్రంలో కసిగా గుచ్చి పట్టింది. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. రూటరు మాత్రం సెట్టింగులతో సహా సర్వం మరిచిపోయింది.

పరీక్ష యంత్రం తేల్చిన వెన్న శాతం నెట్‌లో హెడ్డాఫీసుకు చేరితే తప్ప పాలు తీసుకోకూడదు. బయట ఆడవాళ్లు క్యాన్లతో బారులు తీరారు. ఒక్క బర్రె మీదే బతికే రేణుకమ్మ అందరికన్నా ముందుంది.

"ఎండ ముదురుతుంది మేడం. పాలు ఇరుగుతయి."

మునుపు ఇటిక్యాలలో ఇలాగే అయితే హెడ్డాఫీసు నుంచి జీపు వచ్చింది, అక్కడి ఇన్‌చార్జి నిరోష ఉద్యోగం పోయింది. పద్మజదీ కాంట్రాక్టు కొలువే. భయపడుతూనే దశరథానికి ఫోన్ చేసింది.

"సార్, నెట్ పోయింది. ఏమైందో తెల్వదు."

"మల్లయ్యను జర పట్టుకో" అన్నాడాయన అంతే.

ల్యాండ్‌లైన్ మోగింది. మల్లయ్య చెయ్యి లేచింది. పద్మజ ఆ రెండు చేతులూ ఒడిసి పట్టుకుంది.

"ఒక్కపారి హలో అననీయండి మేడం, పాపం!"

"అంటే నిన్ను సంపుత!"

రెండో రింగుకు మోడెం కీచుమంటూ లైను ఎత్తుకుంది. గద్వాల నుంచి దశరథం ఎక్కిస్తుంటే, కాసేపటికి రూటరుకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పరీక్ష యంత్రం పని మొదలుపెట్టింది. రేణుకమ్మ పాలు మొట్టమొదట పోశారు.

సెల్లు మోగింది. "పద్మజమ్మా, దేంతోని పొడిసినవ్?"

ఆమె పిన్నీసును గబగబా చీరకు పెట్టేసుకుంది.

"పెబ్బేరుల నాగప్ప అగ్గిపుల్లతోని పొడిసిండు. అందరు పొడిసెటోళ్లే. నేను జీపుల వస్తే తప్పెవరిదో రిపోర్టుల పేరు రాయాలె. ఫోన్ల పోతే రిపోర్టు లేదు, పేరు లేదు."

ఇన్నాళ్లూ ఆ డబ్బాలు మోసుకొని ఊళ్లు తిరిగింది ఇందుకా! పద్మజకు సిగ్గేసింది, ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టింది.

"మరి పెద్దసారు అడిగితే ఏం జెప్తరు సార్?"

"అడిగిండు. రూటరే అన్నీ మర్శిపోయిందని చెప్పిన. దాన్నయితే కొలువుల నుంచి తియ్యరు గద!"

పద్మజకు నవ్వు ఆగలేదు. పొద్దున్నే మేడంకు ఏమైందోనని క్యూలో ఉన్న ఆడవాళ్లంతా లోపలికి తొంగిచూశారు.